ఇల్లు కూల్చడం తేలిక, అద్దె తేల్చడం కష్టం: 1930ల లీడ్స్‌లో మురికివాడల తొలగింపు

ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో పాత కార్మిక వాడ ఇల్లు ఎలా ఉండేదో ముందు తెలిస్తేగాని మిగతా కథ అర్థం కాదు. వీధి తలుపు తీయగానే ఒకటే గది, ఎటు చూసినా పదిహేను అడుగులకు మించదు. వంట, భోజనం, స్నానం, చంటిపిల్లల నిద్ర అన్నీ అందులోనే. ఒక మూల నుంచి ఇరుకు మెట్లు, పైన ఒక పడకగది, కొన్నిటికి ఆ పైన అటకగది. కింద బొగ్గు పోసుకునే నేలమాళిగ. పెరటి తలుపు లేదు, ఎందుకంటే పెరడే లేదు. వెనక గోడకు అవతల మరో కుటుంబం కాపురం ఉంటుంది, వాళ్ళ వాకిలి అవతలి వీధిలోకి. రెండు పక్కలా ఇరుగుపొరుగు గోడలే. అంటే నాలుగు గోడల్లో మూడు ఉమ్మడివి. గాలైనా వెలుతురైనా రావాల్సింది ఆ ఒక్క వీధి వైపు నుంచే. వీటిని ‘బ్యాక్-టు-బ్యాక్’ ఇళ్ళు అనేవారు. వరుసలో కొన్ని ఇళ్ళకు ఒకసారి కాస్త జాగా వదిలి, అక్కడ అందరికీ కలిపి మరుగుదొడ్లు కట్టేవారు. బట్టలు ఉతికిన రోజు ఆరేయడానికి వేరే చోటు లేక ఈ వైపు ఇంటి నుంచి ఆ వైపు ఇంటికి వీధికి అడ్డంగా తాళ్ళు కట్టేవారు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి లీడ్స్‌లో ఇలాంటి ఇళ్ళు 70 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో అతి పాతవి, అధ్వాన్నమైనవి ఎకరానికి 70 నుంచి 80 చొప్పున కిక్కిరిసి ఉండేవి. కొత్తగా ఇలాంటివి కట్టకూడదని 1909లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా లీడ్స్‌లో అంతకుముందే అనుమతి పొందిన వీధుల పేరు చెప్పి 1937 దాకా కడుతూనే వచ్చారు. కారణం సులువుగానే కనిపిస్తుంది. ఒకే జాగాలో రెట్టింపు ఇళ్ళు పడతాయి, గోడలు కలిసొస్తాయి, అద్దె చవకగా పెట్టవచ్చు. చవక అద్దె లేకపోతే బట్టల మిల్లుల్లో, కుట్టు కార్ఖానాల్లో, ఇంజనీరింగ్ షాపుల్లో పనిచేసేవాళ్ళకు నీడే లేదు. ఆ ఇళ్ళ మీద ఎంత కోపం వచ్చినా ఈ సంగతి మరచిపోకూడదు.

యుద్ధం తర్వాత ప్రభుత్వం ఇళ్ళు కట్టించలేదా అంటే కట్టించింది. 1919 చట్టంతో మునిసిపాలిటీలు పెద్ద ఎత్తున ఇళ్ళు మొదలుపెట్టాయి. 1924 చట్టం ఒక్కో ఇంటికి ఏటా 9 పౌన్ల చొప్పున 40 ఏళ్ళు రాయితీ ఇచ్చింది. ఊరి శివార్లలో తోటలతో, స్నానాల గదులతో మంచి ఇళ్ళు లేచాయి. కానీ వాటిలోకి వెళ్ళింది నిలకడైన జీతం ఉన్న గుమాస్తాలు, చేయితిరిగిన పనివాళ్ళు. వాళ్ళు ఖాళీ చేసిన ఇళ్ళలోకి వాళ్ళకన్నా కిందివాళ్ళు, ఆ ఇళ్ళలోకి ఇంకా కిందివాళ్ళు ఎక్కుతారని, అలా చివరికి మురికివాడ దానంతటదే ఖాళీ అవుతుందని పాలకులు లెక్క వేశారు. అది జరగలేదు. ఇళ్ళ కొరత అంతగా ఉన్నప్పుడు ఖాళీ అయిన ప్రతి గదినీ మరో కుటుంబం ఆక్రమిస్తుంది; కింది మెట్టు మీద ఉన్నవాళ్ళు అక్కడే ఉండిపోతారు.

అందుకే 1930లో ఆరోగ్యమంత్రి ఆర్థర్ గ్రీన్‌వుడ్ తెచ్చిన చట్టం దారి మార్చింది. రాయితీని ఇంటి లెక్కన కాక మనిషి లెక్కన ఇచ్చింది. మురికివాడ నుంచి లేపి కొత్త ఇంట్లో పెట్టిన ప్రతి మనిషికీ ఏటా 45 షిల్లింగులు, 40 ఏళ్ళ పాటు (అప్పట్లో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు). నేల ధర బాగా ఎక్కువున్న నగర మధ్యంలో ఫ్లాట్లు కడితే మనిషికి 70 షిల్లింగులు. మునిసిపాలిటీ తన వంతుగా ఇంటికి ఏటా 3 పౌన్ల 15 షిల్లింగులు వేయాలి. ఐదుగురున్న ఇంటికి లెక్క కట్టి చూస్తే దీని బలం తెలుస్తుంది. కేంద్రం నుంచి 225 షిల్లింగులు, స్థానికంగా 75, మొత్తం 300 షిల్లింగులు, అంటే 15 పౌన్లు. వారానికి సుమారు 5 షిల్లింగుల 9 పెన్నీలు. పిల్లలు ఎక్కువైనకొద్దీ రాయితీ పెరుగుతుంది. పెద్ద కుటుంబాన్ని చూసి మొహం తిప్పుకునే అధికారికి కూడా ఆ కుటుంబాన్నే ముందు తీసుకోవాలన్న ఆశ పుట్టించిన ఏర్పాటు ఇది. ఆ కాలపు గృహ చట్టాలన్నిటిలో ఇంతకన్నా తెలివైన నిబంధన కనబడదు.

ఒక వాడను తొలగించడం కాగితం మీద ఇలా సాగేది. ముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు ఇల్లిల్లూ తిరిగి చూస్తారు. గోడల్లో చెమ్మ ఎంత ఎత్తుకు పాకింది, కిటికీ తెరుచుకుంటుందా, మెట్ల మీద వెలుతురు పడుతుందా, కుళాయి ఇంట్లో ఉందా బయట ఉందా, మరుగుదొడ్డి ఎంత దూరం, దాన్ని ఎన్ని ఇళ్ళు వాడుతున్నాయి, తిండి దాచుకునే చోటుందా అన్నవన్నీ రాసుకుంటారు. ఆ వివరాలతో నగర ఆరోగ్యాధికారి మునిసిపాలిటీకి నివేదిక ఇస్తాడు: ఈ ఇళ్ళు మనుషులు ఉండదగ్గవి కావు, బాగుచేసినా ప్రయోజనం లేదు, అన్నీ కూల్చడమే దారి అని. కౌన్సిల్ తీర్మానం చేసి ఆ ప్రాంతాన్ని పటంలో గీస్తుంది. పనికిరాని ఇళ్ళకు గులాబీ రంగు, అవి పోయాక జాగా సరిగ్గా కలిసిరావడానికి తీసుకోవాల్సిన పక్క స్థలాలకు బూడిద రంగు. తర్వాత రెండు దారులు. యజమానులే కూల్చుకోవాలని ఆజ్ఞ ఇవ్వడం ఒకటి; అప్పుడు నేల వాళ్ళకే మిగులుతుంది. మునిసిపాలిటీయే నిర్బంధంగా కొనేసి కూల్చడం రెండోది. ఏదైనా మంత్రి ఖాయం చేయాలి. అభ్యంతరాలు వస్తే ఊళ్ళోనే బహిరంగ విచారణ జరుగుతుంది.

ఆ రెండు రంగుల మధ్య గీత ఎటు పడిందన్నదాని మీదే యజమాని తలరాత ఆధారపడేది. బూడిద రంగులో పడితే మార్కెట్ ధర. గులాబీలో పడితే ఒట్టి నేల ధర, మీదున్న కట్టడానికి పైసా రాదు. కుళ్ళిన సరుకు అమ్మినవాడికి డబ్బెందుకివ్వాలన్నది దీని వెనక వాదం, అందులో న్యాయమూ ఉంది. కానీ యజమానులంతా వీధులకు వీధులు సొంతం చేసుకున్న పెద్దమనుషులు కారు. జీవితమంతా కూడబెట్టి రెండు ఇళ్ళు కొనుక్కుని, ఆ అద్దెతో ముసలితనం గడుపుతున్న వితంతువుల్లాంటివాళ్ళూ ఉన్నారు. విచారణల్లో గొడవలు సాగదీసినవాటిలో ఇలాంటి కేసులు చాలా. చివరికి 1935 చట్టం ఇంటిని బాగా చూసుకున్న యజమానికి కొంత సొమ్ము ఇచ్చే వీలు కల్పించింది. మూల మీద చిల్లర కొట్టు నడిపేవాడి నష్టం ఇంకో రకం. వాడలో అందరికీ వారం వారం అరువిచ్చి బతికే ఆ కొట్టుకు, గిరాకీలన్నీ నాలుగు మైళ్ళ అవతలికి పోయాక మిగిలేది రానిబాకీల పుస్తకమే. అరువు దొరికే కొట్టు పోవడం కదిలి వెళ్ళిన కుటుంబాలకూ దెబ్బే.

ఇక అసలు చిక్కు. దీన్ని అందరికన్నా స్పష్టంగా చూపించింది లీడ్స్ కాదు, ఉత్తరాన ఉన్న స్టాక్టన్ అనే ఓడరేవు పట్టణం. అక్కడ 1927లో హౌస్‌వైఫ్ లేన్ అనే మురికివాడను ఖాళీ చేయించి 152 కుటుంబాలను, అంటే 710 మందిని, మౌంట్ ప్లెజెంట్ అనే కొత్త కాలనీకి తరలించారు. రివర్‌సైడ్ అనే మరో మురికివాడ అలాగే ఉండిపోయింది. పట్టణ ఆరోగ్యాధికారి డాక్టర్ మెక్‌గోనిగల్ రెండు చోట్లా మరణాలను ఐదేళ్ళ పాటు గమనించాడు. కొత్త ఇళ్ళకు వెళ్ళినవాళ్ళలో మరణాలు తగ్గాలి కదా? వయసుల తేడాలు సర్దుబాటు చేసి చూస్తే, పాత వాడలో ఉన్నప్పుడు వెయ్యికి 22.91గా ఉన్న వాళ్ళ మరణాల రేటు, 1928–32 మధ్య కొత్త కాలనీలో 33.55కు పెరిగింది. కదలకుండా మురికిలోనే ఉండిపోయిన రివర్‌సైడ్‌లో మాత్రం 26.10 నుంచి 22.78కి తగ్గింది.

ఇళ్ళలో లోపం ఉందేమోనని అతను వెతికాడు. కాలువలు బాగున్నాయి, స్నానాల గదులున్నాయి, గాలి ఆడుతోంది, అంటురోగమేదీ ప్రబలలేదు. తేడా అద్దెలో ఉంది. పాత వాడలో వారానికి సగటున 4 షిల్లింగుల 8 పెన్నీలు కట్టేవాళ్ళు ఇప్పుడు 9 షిల్లింగులు కడుతున్నారు. ఇంట్లో సంపాదన పెరగలేదు. చాలామంది నిరుద్యోగ భృతి మీద బతుకుతున్నవాళ్ళే. అద్దె కట్టకపోతే వీధిన పడతారు, బొగ్గు కొనకపోతే చలికి ఆగలేరు. కోత వేయగలిగింది కూడు ఒక్కటే. పాలు, మాంసం, గుడ్లు తగ్గాయి, రొట్టె, టీ మిగిలాయి. కొత్త ఇల్లు వాళ్ళ పళ్ళెంలోంచి తిండి లాగేసుకుంది. సంఖ్య చిన్నది కాబట్టి 710 మంది లెక్కను పట్టుకుని దేశానికంతటికీ సూత్రం చెప్పడం కుదరదు. కానీ కారణం ఇంత నగ్నంగా కనిపించాక ఏ గృహ కమిటీ అయినా అద్దె సంగతి పక్కన పెట్టి ఇటుకల గురించి మాట్లాడటం తప్పు.

లీడ్స్‌లో ఆ సంగతి ముందే పట్టుకున్నవాడు చార్లెస్ జెంకిన్సన్. 1927లో హోల్బెక్ అనే బీద వాడకు పాస్టరుగా వచ్చాడు. గడపగడపా తొక్కి ఆ ఇళ్ళు చూశాడు. 1930లో కార్మికుల పక్షమైన లేబర్ పార్టీ తరఫున కౌన్సిలర్ అయ్యాడు, 1933 నవంబరులో పార్టీ గెలిచాక గృహ కమిటీ అధ్యక్షుడయ్యాడు. ఆరేళ్ళలో 30 వేల బ్యాక్-టు-బ్యాక్ ఇళ్ళు కూల్చి అంతమందికీ కొత్త ఇళ్ళు ఇస్తామని ప్రకటించాడు. ఆ అంకె అందరికీ గుర్తుండిపోయింది కానీ, అతని అసలు పని 1934లో తెచ్చిన అద్దె పద్ధతి.

అది ఇలా పనిచేసేది. వేర్వేరు చట్టాల కింద వేర్వేరు కాలనీలకు వచ్చే రాయితీలన్నీ ఒకే కుండలో పోస్తారు. ప్రతి ఇంటికీ రాయితీ లేకుండా పూర్తి అద్దె ఎంతో తేలుస్తారు. కుటుంబం తన రాబడి చెబుతుంది. ఇంట్లో ఉన్న పెద్దలకు, పిల్లలకు తిండి, బట్ట, నిప్పు వగైరాలకు ఎంత కావాలో ఒక పట్టిక ప్రకారం తీసేస్తారు. మిగిలినదాన్ని బట్టి అద్దె. బాగా మిగిలితే పూర్తి అద్దె, కొద్దిగా మిగిలితే కొద్దిగా, ఏమీ మిగలకపోతే అద్దె లేదు. రాయితీ ఇటుకలకు కాదు, అవసరమున్న మనిషికి అన్నమాట. ముందు తిండి, ఆ తర్వాతే అద్దె అన్న ఈ వరుస స్టాక్టన్‌లో జరిగినదానికి సూటి విరుగుడు.

న్యాయంగానే ఉన్నా అది రాజకీయంగా నెగ్గలేకపోయింది, కారణాలూ ఉన్నాయి. 1920లలో కట్టిన కాలనీల్లో ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా అద్దె కడుతున్న కుటుంబాలకు ఉన్నట్టుండి అద్దె పెరిగింది. తమ ఇంటి పేరున వచ్చిన రాయితీ తీసి పక్కింటివాడికి ఇస్తున్నారని వాళ్ళ బాధ. ఆ ఇల్లు తీసుకున్నప్పుడు తమకు ఎవరూ ఈ మాట చెప్పలేదు కదా అన్న ప్రశ్నకు సరైన జవాబు లేదు. ఇక రాబడి చెప్పమనడం. 1931 నుంచి నిరుద్యోగులకు భృతి ఇచ్చేముందు ఇంటిల్లిపాది సంపాదన ఆరా తీసే పరీక్ష అమలులో ఉంది. కొడుకు నాలుగు డబ్బులు తెస్తే తండ్రి భృతి తెగ్గోసే ఆ పరీక్ష అంటే కార్మికులకు ఒళ్ళు మంట. ఇప్పుడు సొంత పార్టీ మునిసిపాలిటీయే రాబడి కాగితం పట్టుకుని తలుపు తట్టింది. అద్దెదారులు సంఘాలు కట్టారు, కొందరు అద్దె ఆపేశారు, వ్యవహారం కోర్టుకెక్కింది. అప్పీలు కోర్టు పద్ధతి చట్టబద్ధమేనని తీర్పు చెప్పింది. 1935 చట్టం రాయితీలన్నీ ఒకే ఖాతాలో కలపడానికీ, అద్దె తగ్గింపులివ్వడానికీ దేశమంతటికీ దారి తెరిచింది. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో లీడ్స్ లేబర్ పార్టీ ఓడిపోయింది. ఓటమి కారణాల్లో ఈ అద్దెల గొడవ పెద్దది. పాత అద్దెదారుల మీద భారం నెమ్మదిగా, రెండు మూడేళ్ళలో వేసి ఉంటే ఇంత తిరుగుబాటు వచ్చేది కాదు. జెంకిన్సన్‌కు ఓపిక లేదు. ఆ వాడల్లో పిల్లలు ఎలా పెరుగుతున్నారో చూసినవాడికి ఓపిక ఉండాలనడమూ కష్టమే.

కుటుంబాన్ని కదిలించే రోజు గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే ఎంత మంచి ప్రణాళికైనా ఆ రోజు నల్లుల దగ్గర తడబడుతుంది. పాత ఇళ్ళలో నల్లులు మంచాల్లోనే కాదు, గోడ కాగితం వెనక, గచ్చు పగుళ్ళలో, తలుపు చట్రాల్లో, పటాల వెనక ఉంటాయి. తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు, కాబట్టి ఇల్లు ఖాళీగా పెడితే చావవు. సామాన్లతో పాటు ఒక్క ఆడనల్లి వెళ్ళినా కొత్త కాలనీ ఏడాదిలో పాతదవుతుంది. అందుకే సామాన్లన్నీ గాలి చొరబడని వ్యానులో ఎక్కించి, తలుపులు బిగించి, హైడ్రోజన్ సయనైడ్ వాయువు పట్టించేవారు. కొన్ని గంటలు ఉంచి, తలుపులు తెరిచి, బాగా గాలి ఆడించాక కొత్త ఇంటికి పంపేవారు. పరుపులు, దిండ్లు, దుప్పట్లు మాత్రం విడిగా ఆవిరిలో పెట్టేవారు. ఎందుకంటే దూది, ఉన్ని ఆ విషవాయువును లోపల పట్టి ఉంచుతాయి. గాలికి పెట్టి దులపని పరుపు మీద రాత్రి పడుకుంటే ప్రాణం పోవచ్చు. ఆ పూటంతా కుటుంబం సామాన్లు లేకుండా గడపాలి, మరుగు లేకుండా తమ పాత మంచాలు వీధి మధ్య వ్యానులోకి పోవడం ఇరుగుపొరుగు చూస్తుండగా చూడాలి. ఇది అవమానంగా తోచింది చాలామందికి. అందరి సామాన్లకూ, నల్లులున్నా లేకున్నా, ఒకే పద్ధతి పాటించిన చోట ఆ బాధ తగ్గింది. కూల్చేముందు ఖాళీ ఇంటికి కూడా వాయువు పట్టించడం, పాత కలప ఎవరికీ అమ్మకుండా కాల్చేయడం అంతే ముఖ్యం; లేకపోతే కొయ్యతో పాటు నల్లులూ మరో వాడకు చేరతాయి.

కూల్చివేతతో పాటు ఇరుకు సమస్య వేరే ఉంది. ఇల్లు గట్టిగానే ఉండి మనుషులు ఎక్కువైతే ఏం చేయాలి? 1935 చట్టం దీనికి మొదటిసారి దేశవ్యాప్త కొలత పెట్టింది. ఒక గదికి 2 యూనిట్లు, రెండు గదులకు 3, మూడింటికి 5, నాలుగింటికి ఏడున్నర, ఐదింటికి 10. పదేళ్ళు నిండినవాళ్ళు ఒక యూనిట్, ఏడాది నుంచి పదేళ్ళ లోపు పిల్లలు అర, ఏడాది నిండని పసివాళ్ళు సున్నా. గది వైశాల్యం ప్రకారం ఇంకో లెక్క: 110 చదరపు అడుగులుంటే ఇద్దరు, 50 కన్నా తక్కువైతే అది గదే కాదు. రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అదే పరిమితి. భార్యాభర్తలు కాని, పదేళ్ళు దాటిన ఆడా మగా ఒకే గదిలో పడుకోవాల్సి వచ్చినా ఇరుకే.

ఇప్పుడు అటకగది లేని బ్యాక్-టు-బ్యాక్ ఇల్లు తీసుకుందాం. కింద ఒక గది, పైన ఒకటి. పరిమితి 3. తల్లి, తండ్రి, పదేళ్ళ లోపు పిల్లలు ఇద్దరు, చేతుల్లో ఆరు నెలల బిడ్డ. లెక్క సరిగ్గా 3. ఐదుగురు రెండు గదుల్లో, అందులో ఒకటి వంటగది కూడా, అయినా చట్టం దృష్టిలో ఇరుకు లేదు. బిడ్డ మొదటి పుట్టినరోజున ఇల్లు ఇరుకవుతుంది. కూర్చునే గదిని కూడా పడకగదిగానే లెక్కపెట్టడం ఈ కొలతలో అసలు లోపం. 1936లో దేశమంతా సర్వే చేస్తే ఇంగ్లండు, వేల్స్‌లలో ఇరుకున్న కుటుంబాలు సుమారు 3 లక్షల 40 వేలు, 3.8 శాతం అని తేలింది. చాలామంది ఊరట పడ్డారు. అంకె చిన్నదైంది కొలబద్ద చిన్నది కావడం వల్ల. చట్టం రాసినవాళ్ళ ఇబ్బందీ ఉంది: కొలత కాస్త బిగిస్తే నేరస్థులయ్యే కుటుంబాలు లక్షల్లో ఉంటాయి, వాళ్ళకు ఇవ్వడానికి ఇళ్ళు లేవు. అయినా దాన్ని కనీస హద్దుగా చెప్పాల్సింది, చాలినంత జాగాగా చలామణి చేయకూడదు.

లీడ్స్ నడిబొడ్డున క్వారీ హిల్ అనే చోట చాలా ముందే పాత వాడను ఖాళీ చేయించారు. ఆ నేల సుమారు 26 ఎకరాలు. గృహ విభాగం డైరెక్టర్ ఆర్.ఎ.హెచ్. లివెట్ అక్కడ 938 ఫ్లాట్లు కట్టించాడు. వియన్నాలో కార్మికుల కోసం మునిసిపాలిటీ కట్టించిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే ఫ్లాట్ల సముదాయం చూసి వచ్చిన ఊపు అందులో కనిపిస్తుంది: పొడవైన వంపు భవనాలు, మధ్య ఆటస్థలాలు, లిఫ్టులు, ఉమ్మడి లాండ్రీ. చెత్తకు ఫ్రాన్స్ నుంచి గార్షే పద్ధతి తెచ్చారు. వంటింటి సింకు కింద ఒక చిన్న తొట్టి; కూరగాయ తొక్కలు, బూడిద, డబ్బాలు అందులో వేసి మూత ఎత్తితే సింకు నీళ్ళు వాటిని గొట్టంలోకి తోసేస్తాయి. భూమి కింది పైపులు పీల్చుకుని అన్నిటినీ ఒకే కేంద్రానికి చేరుస్తాయి. అక్కడ నీరు పిండి, చెత్త కాల్చి, ఆ వేడిని లాండ్రీకి వాడతారు. వీధి మరుగుదొడ్డి, బూడిద కుప్పల మధ్య బతికిన ఇల్లాలికి ఇది ఎంత పెద్ద మార్పో చెప్పనక్కర్లేదు.

కట్టుబడి మాత్రం కష్టాల్లో పడింది. యూజీన్ మోపిన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు పద్ధతిలో తేలికపాటి ఉక్కు చట్రం నిలబెట్టి, ముందే పోసిన కాంక్రీటు పలకలు దానికి తొడిగి, మధ్యలో కాంక్రీటు నింపుతారు. చేయితిరిగిన తాపీమేస్త్రులు తక్కువగా చాలని, పని త్వరగా అవుతుందని ఆశ. పలకలు అక్కడికక్కడే పోసే కార్ఖానా పెట్టారు. అయితే చట్రానికి ఏ వరుసలో ఏ పలక కావాలో ఆ వరుసలో పలకలు తయారై రావాలి, ఒక్క రకం ఆలస్యమైనా పైపనంతా ఆగుతుంది. పని ఏళ్ళ తరబడి సాగింది. మొదటి కుటుంబాలు 1938లో దిగాయి, చివరి భాగం యుద్ధం మధ్యలో 1941లో పూర్తయింది. పటంలో గీసిన సామాజిక భవనం కట్టనే లేదు. పలకల అతుకుల్లోంచి నీరు దిగి ఉక్కు తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. మరమ్మతు ఖర్చు భరించలేమని 1973లో కూల్చివేతకు నిర్ణయించారు, 1978 నాటికి చివరి భవనమూ నేలమట్టమైంది. ఇప్పుడక్కడ ఒక నాటకశాల, ప్రభుత్వ కార్యాలయం ఉన్నాయి.

జెంకిన్సన్ కూల్చాలనుకున్న రకం ఇళ్ళు మాత్రం లీడ్స్‌లో ఇంకా 19 వేలకు పైగా నిలిచి ఉన్నాయి. చాలావరకు తర్వాతి కాలంలో కట్టినవి, కాస్త విశాలమైనవి, ఇంట్లోనే స్నానాల గది అమర్చుకున్నవి. వాటిలో జనం ఉంటున్నారు, అద్దె మిగతా చోట్లకన్నా తక్కువ కాబట్టి.